పథ్యములో లెక్కకు రానివి



సిద్దిపేట ప్రాంతమున దవాఖానకు వెళ్ళి మందుచీటీ చేతబుచ్చుకొన్న మనిషి, వైద్యుని గది గడప దాటకమునుపే అడుగు మాట యొకటి కలదు: "సార్, పథ్యమేంది?" ఆ ప్రశ్న వెనుక తరతరముల వైద్యసంస్కారమున్నది, తినుదానికిని మందునకును నడుమ మైత్రియో వైరమో ఉండితీరునన్న వివేకమున్నది. దానికి నేటి వైద్యుడు సాధారణముగా నిచ్చు సమాధానము "అన్నీ తినవచ్చు" అన్న రెండు ముక్కలు. రోగి ఆ మాటను నమ్మడు. ఇంటికి పోయి పెద్దల నడిగి వంకాయ మానును, గోంగూర మానును, ఆలుగడ్డ వాతమని మానును, పులుపు నరములను గుంజునని పచ్చిపులుసు సైతము మానును. ఇన్నింటిని ఇంత నిష్ఠతో మానిన యాతడే, పొద్దు వాలగానే ఏ సంకోచమును లేక కల్లు దుకాణము వైపు నడచును. నరాల నొప్పికి నేడు విరివిగా ఇచ్చుచున్న మందుల విషయమున వైద్యుడు చెప్పిన రెండు ముక్కలును చాలవు, రోగి పట్టిన పథ్యమును అక్కరకు రాదు. ఆ రెంటి నడుమ ఎవరి లెక్కకును రాక మిగిలిపోయిన వస్తువులను గూర్చియే నేడు ముచ్చటింపదలచితిని.

నరాల నొప్పియని మనము వ్యవహరించునది ఒక్క వ్యాధి కాదు. చక్కెర వ్యాధి ఏండ్ల తరబడి ముదిరినవారికి అరికాళ్ళలో మంటలు, తిమ్మిర్లు, రాత్రివేళ చీమలు ప్రాకినట్టి బాధ. సర్పి పొక్కులు మానిపోయి నెలలు గడచినను ఆ చోట బట్ట తగిలిన మాత్రాన చర్మము భగ్గుమనుట. నడుమునుండి పిక్కదాక దిగు సయాటికా. చెంపలో మెరుపువలె పొడిచి నోట ముద్ద పెట్టనీయని ముఖనాడీశూల, ఇవన్నియు ఈ కోవలోనివే. వీనియందు బాధ పుట్టుచున్నది గాయపడిన మాంసమునుండి కాదు, చెడిన నాడినుండియే. కావున తలనొప్పికిని ఒళ్ళునొప్పులకును పనిచేయు మాత్రలు ఇచట దాదాపు నిష్ఫలములు. వైద్యులు ఈ కారణముచేత మూర్ఛకును మనోవ్యాకులతకును మొదట కల్పింపబడిన ఔషధములనే నరాల నొప్పికి వాడుచున్నారు. మందు అట్ట మీది పేరును కొడుకు ఫోనులో వెదకి, "ఇది మూర్ఛ మందట, నాకెందు కిచ్చినట్లు?" అని దిగులుపడి మాత్రలు మూలన పడవేసిన వృద్ధులను నేనెరుగుదును. దిగులు పడవలసినది దానికి కాదు.

ఆ మందుల పేర్లు నిదానముగా చెప్పెదను; కాగితము మీద వ్రాసికొనదలచినవారు వ్రాసికొనవచ్చును. గాబాపెంటిన్. ప్రెగాబాలిన్. కార్బమజెపైన్. అమిట్రిప్టిలిన్. డ్యులోక్సెటిన్. వీనిలో కార్బమజెపైన్ పాతది: స్విట్జర్లండు దేశమున బాజెలు నగరమునందలి గైగీ సంస్థ రసాయనశాలలో 1953లో తయారైనది, 1962లో సిగ్‌ఫ్రిడ్ బ్లోమ్ అను స్వీడను వైద్యుడు ముఖనాడీశూలకు దాని గుణమును ప్రకటించెను. గాబాపెంటిన్ అమెరికాలో 1993 డిసెంబరున మూర్ఛ మందుగా అనుమతి పొంది, 2002లో సర్పి అనంతరపు నొప్పికిని అనుమతి పొందినది. ప్రెగాబాలిన్ షికాగో దాపునగల నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ సిల్వర్‌మన్ అను రసాయనశాస్త్రవేత్త పరిశోధనలనుండి 1990 ప్రాంతమున వెలువడి, 2004లో వాడుకకు అనుమతి గాంచెను. చక్కెర రోగుల నరాల నొప్పికి డ్యులోక్సెటిన్ అంగీకృతమైనదియు ఆ యేడే. నేడు మన ప్రాంతపు మందుచీటీలలో తరచుగా కానవచ్చునది ప్రెగాబాలిన్, అదియును చాలమారులు మిథైల్‌కోబాలమిన్ అను ఎఱ్ఱని బి12 విటమినుతో కలిపిన మాత్రగా.

మొదట గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ అను జంటను చూతము. ఇవి నాడీకణముల కాల్షియము ద్వారములయందలి ఒక భాగమును పట్టుకొని, అతిగా చెలరేగిన నాడిని శాంతింపజేయును. కాలేయము వీనిని ముట్టదు. లోనికి వచ్చిన మందు వచ్చినట్లే మూత్రపిండముల ద్వారా వెలికిపోవును. ఈ ఒక్క విషయమును గుర్తుంచుకొనినచో ముందు చెప్పబోవునది చాలవరకు తనంత తానే బోధపడగలదు. ఇక ఆహారమందురా, వంకాయతో వీనికి వైరము లేదు, పులుపుతో లేదు, జొన్నరొట్టెతో గాని మక్కగటకతో గాని తలకాయకూరతో గాని లేదు. ప్రెగాబాలిన్ భోజనముతో కూడ పుచ్చుకొనినయెడల రక్తమున దాని మట్టము శిఖరమునందుటకు రమారమి గంటన్నరకు మారుగా మూడు గంటలు పట్టును, ఆ శిఖరపు టెత్తు 25 నుండి 30 శాతము తగ్గును. ఐనను ఒంటబట్టు మొత్తము మారదు. అనగా, మాత్ర మ్రింగిన గంటకే కన్ను తిరుగుచున్నదనువారు భోజనానంతరము వేసికొనుట మేలేమోయని తమ వైద్యునితో ఆలోచింపవచ్చును. నిదానముగా విడుదలయగు రకపు ప్రెగాబాలిన్ మాత్రము రాత్రి భోజనము తరువాతనే పుచ్చుకొనవలయును. ఉపవాసముతో వేసికొనినచో మూడింట ఒక వంతుకు దగ్గరగా వృథాయగును. శనివార మొక్కపొద్దులుండు అమ్మలు దీనిని గమనింతురు గాక.

గాబాపెంటిన్ నడక వేరు. పేగు గోడయందు మాంసకృత్తులనుండి విడివడిన అమైనో ఆమ్లములను లోనికి చేరవేయు వాహకములు కొన్ని యున్నవి, గాబాపెంటిన్ వానినే ఎక్కి రక్తములోనికి పోవును. పల్లెవెలుగు బస్సులో సీట్లు నిండిన తరువాత మిగిలినవారు బస్టాండులోనే నిలిచినట్లు, ఒకేమారు ఎక్కువ మందు మ్రింగిన మిగులు లోనికి పోక పేగులోనే నిలిచి బయటపడును. దినమునకు 900 మిల్లీగ్రాములు మూడు విడతలుగా పుచ్చుకొనినవారికి నూటికి 60 పాళ్ళు ఒంటబట్టగా, 2400 మిల్లీగ్రాములు పుచ్చుకొనినవారికి 34 పాళ్ళే పట్టును. ప్రొద్దుటి మాత్ర మరచితినని రాత్రికి రెండు కలిపి మ్రింగుట యెంత వ్యర్థమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

కడుపులో మంటకు నమలు మాత్రలు, గులాబిరంగు సీసా మందులు మన యిండ్లలో ఉప్పు డబ్బావలె నిత్యముండు వస్తువులైనవి. వానిని మందుగా ఎవరును లెక్కింపరు. వానిలోని అల్యూమినియము, మెగ్నీషియము లవణములు గాబాపెంటిన్‌ను దాదాపు ఐదింట ఒక వంతు ఒంటబట్టనీయవు. అందుచేత వానిని సేవించిన రెండు గంటల తరువాతనే గాబాపెంటిన్ వేసికొనవలయును. ఇది చిన్న సంగతి. ఇంతకు పెద్ద సంగతి కల్లు.

కల్లును నిందించుటకు నేను పూనుకొనలేదు. ఈత చెట్టునుండియు తాటి చెట్టునుండియు దిగిన లొట్టిలోని తెల్లని కల్లు తెలంగాణమున దసరాకును, బోనాలకును, చావునకును, పెండ్లికిని, కొమురవెల్లి మల్లన్న జాతరకును విడదీయరానిది. మోకు కట్టి ప్రాణములకు తెగించి చెట్టెక్కు గీతకార్మికుని శ్రమ యెట్టిదో చూచినవారు దానిని చులుకన చేయజాలరు. వేకువ దించినప్పుడు తీయగానుండు ఆ రసము ఎండ యెక్కిన కొలది పులిసి, సాయంకాలమునకు మద్యసారము పెరిగి మత్తు నిచ్చును. ఆ మద్యసారముతోడనే ప్రెగాబాలిన్‌కు పొత్తు కుదరదు; రెండును మెదడును జోకొట్టునవియే, కలిసినప్పుడు ఒకదాని మత్తును మరియొకటి పెంచును. అరికాళ్ళు తిమ్మిరెక్కి నేల తెలియని ముదుసలి రాత్రివేళ మూత్రమునకు లేచి, తలతిరిగి, మెట్ల మీద పడి తుంటి యెముక విరుగగొట్టుకొనుటకు ఈ మాత్రము కలయిక చాలును. చక్కెరకు మాత్రయో సూదియో వాడువారు అన్నము మాని కల్లుతోనే రాత్రి గడపినచో రక్తములోని చక్కెర ఒక్కసారిగా పడిపోవు ప్రమాదము వేరుగానున్నది. అది కూడ మత్తువలెనే కనబడుటచేత ఇంటివారు నిద్రయని పొరపడుదురు.

కాని చెట్టు కల్లు కథ అంతతో సరి. అసలు చిక్కు పొడి కలిపిన కల్లుది. చెట్లు తరిగి, త్రాగువారు పెరిగినకొలది, నీటిలో చక్కెరయు, తీపి నిచ్చు శాకరీనును, మత్తునకై క్లోరల్ హైడ్రేటు, డైజోఫాము, ఆల్ప్రాజోలము వంటి పొడులును కలిపి కల్లుపేర అమ్ముట మన జిల్లాలలో పాతికేండ్లుగా పత్రికల కెక్కుచున్న విషయమే. క్లోరల్ హైడ్రేటు 1832లో జర్మను శాస్త్రజ్ఞుడు లీబిగ్ చేసిన పదార్థము, పందొమ్మిదవ శతాబ్దమున నిద్రమందుగా లోకమంతట వాడిరి, తరువాత వైద్యమునుండి దాదాపు కనుమరుగైనది. మన కల్లు కుండలలో మాత్రము మిగిలినది. డైజోఫామని మనవారు పిలుచు డయాజిపాము, ఆల్ప్రాజోలము రెండును నేటికిని వైద్యుని చీటీ లేక అమ్మరాని నిద్రమందులు. చీటీ లేకుండ, మోతాదు తెలియకుండ, పేరైనను తెలియకుండ ఆ మందును ప్రతి సాయంకాలము పుచ్చుకొనుచున్న మనిషికి వైద్యుడు తెలియక ప్రెగాబాలిన్ వ్రాసినాడనుకొనుడు. రోగి దృష్టిలో ఆతడు త్రాగినది కల్లు. శరీరము దృష్టిలో ఆతడు పుచ్చుకొనినవి రెండు మూడు మత్తుమందులు. మెదడు అడుగుభాగమున ఊపిరిని నడిపించు కేంద్రమొకటి యున్నది, అది మందగించినప్పుడు నిద్రలోనే శ్వాస పలుచబడి, పెదవులు నీలిబారి, లేపినను లేవని స్థితి సంభవించును. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ జంట నిద్రమందులతోను, నల్లమందు జాతి ఔషధములతోను, మద్యముతోను కలిసినప్పుడు శ్వాసకు అపాయము కలుగునని, ముదుసలులకును ఊపిరితిత్తుల జబ్బున్నవారికిని ఆ భయము మరింత యధికమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019 డిసెంబరున హెచ్చరిక వెలువరించెను. ఆ హెచ్చరికను వ్రాసినవారికి మన కల్లు కాంపౌండు సంగతి తెలిసియుండదు. తెలిసినయెడల మరికొన్ని వాక్యములు చేర్చియుందురు.

గుంటమగ్గము మీద గొల్లభామ చీరలు నేసిన యొక పెద్దాయనతో నాకు జరిగిన సంభాషణ యిచట చెప్పక తప్పదు. చక్కెర వ్యాధి పాతది. మగ్గపు పలకలు త్రొక్కునప్పుడు అరికాలు కొలిమిలో పెట్టినట్లుండెడిదట. ప్రెగాబాలిన్ మొదలిడిన పిమ్మట మంట తగ్గినది గాని, పగలు కూడ మగతగానున్నదని కోడలు వెంటబెట్టుకొని వచ్చినది. మందుల సంచి బల్ల మీద కుమ్మరించితిమి: చక్కెర మాత్రలు, రక్తపోటు మాత్ర, సగము వాడిన గ్యాసు మాత్రల అట్ట, ముడుచుకొనిపోయిన దగ్గుమందు సీసా, పేరు లేని కాగితపు పొట్లములో నాలుగు తెల్ల గోలీలు.

"పథ్యమేం జేస్తున్నవు పెద్దయ్యా?"

"అన్ని బందే సార్. వంకాయ ముడ్తలేను, గోంగూర ముడ్తలేను. యాట కూర గూడ ఇడిశిపెట్టిన."

"మరి కల్లు?"

"అది తిండి గాదు గద సార్." కొంచెమాగి, నాకు ధైర్యము చెప్పుచున్నట్లు మరల ననెను: "గోలీ మీద కల్లు తాగుతలేను. కల్లు తాగినంకనే గోలీ ఏసుకుంట."

కోడలు నవ్వు ఆపుకొనుచు కొంగు నోటి కడ్డము పెట్టుకొనెను. పెద్దాయన ముఖమున మాత్రము నియమము తప్పని వాని ప్రశాంతతయే యుండెను. ఆతని తర్కమును తీసివేయుటకు వీలులేదు. ముందు వెనుకలు పాటించినచో రెండును కలియవని ఆతని విశ్వాసము. వాస్తవమున ప్రెగాబాలిన్ రక్తమున సగమునకు తరుగుటకే దాదాపు ఆరు గంటలు పట్టును. దినమునకు రెండుమారులు పుచ్చుకొనువాని నెత్తుటిలో అది లేని ఘడియ యుండదు. గోలీకి ముందు త్రాగినను, తరువాత త్రాగినను, నడుమ రెండు గంటలు విడిచినను, కడుపులో కలియకున్నను మెదడులో కలియును. గ్యాసు మాత్రకు చెప్పిన రెండు గంటల సూత్రము కల్లునకు చెల్లదు.

ఇచ్చట చాలమంది, వైద్యులతో సహా, తొందరపడి చెప్పు మాట: "రేపటినుండి కల్లు మానివేయుము." మాట మంచిదే. ఐనను పొడి కల్లునకు ఏండ్ల తరబడి అలవాటుపడినవానికి ఆ యుపదేశమే ప్రాణాపాయము కావచ్చును. 2015లో కల్తీ కల్లు మీద అధికారులు దాడులు జరిపి సరఫరాను అరికట్టినప్పుడు నిజామాబాదు, మెదకు, మహబూబునగరు జిల్లాలలో వందలమంది వణకుతో, మూర్ఛలతో, పిచ్చిచూపులతో, పొంతనలేని మాటలతో ఆసుపత్రుల పాలైరి; హైదరాబాదునందలి ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలకు సైతము తరలివచ్చిరి; కొందరు మరణించిరి. సిద్దిపేట అప్పటికి మెదకు జిల్లాలోనిదే. వేరు జిల్లాయైనది 2016 అక్టోబరు 11న. ఆ రోగులను బాధించినది కల్లు త్రాగుట కాదు, త్రాగక పోవుట. నిద్రమందునకు లోబడిన మెదడు దానిని ఒక్కనాడు కోల్పోయినచో అట్లే తిరుగబడును. త్రాగుట వలని కీడును 2025 జూలైలో హైదరాబాదు కూకటుపల్లి ప్రాంతమున చూచితిమి. అచట కల్తీ కల్లు పలువుర ప్రాణములను బలిగొనెను, బ్రతికినవారిలో కొందరికి మూత్రపిండములు దెబ్బతిని రక్తశుద్ధి చేయవలసివచ్చెను.

మాత్రల సంగతియు నిట్టిదే. పండుగనాడు కల్లు త్రాగవలెనని ప్రెగాబాలిన్‌ను ఆ వారము మానివేసి, పండుగ ముగిసిన పిమ్మట మరల మొదలిడువారున్నారు. హఠాత్తుగా మానినచో నిద్రపట్టకపోవుట, చెమటలు, వాంతి, ఆందోళన కలుగును. మూర్ఛవ్యాధి యున్నవారికి మూర్ఛలు తిరుగబెట్టును. కనీసము ఒక వారముపాటు మెల్లమెల్లగా తగ్గించియే మానవలయును. కావున నేననునది యిది: కల్లు సంగతి చెప్పవలసినది మందు వికటించిన తరువాత కాదు, మందుచీటీ వ్రాయకమునుపు. అలవాటెంత, ఏ దుకాణము, ఎన్ని సీసాలు, త్రాగనినాడు చేతులు వణకునా లేదా, ఈ నాలుగును తెలిసిన వైద్యుడు తక్కువ మోతాదుతో మొదలిడుటయో, వేరు మందు నెన్నుకొనుటయో, ముందు కల్లును క్రమముగా మాన్పించుటయో నిర్ణయింపగలడు. సిగ్గుచేత రోగి దాచును. అడిగిన రోగి నొచ్చుకొనునేమోయని వైద్యుడు అడుగడు. సిద్దిపేటలో 2018నుండి ప్రభుత్వ వైద్యకళాశాల యున్నది. అందు చదువుకొను పిల్లలకు పాఠ్యపుస్తకములోని మద్యపానపు ప్రశ్నతోపాటు కల్లు ప్రశ్నను వేరుగా అడుగుట నేర్పవలెనని నా యభిప్రాయము. ఏలయన, "మందు తాగుతవా?" అన్న లేదనువాడు "కల్లు?" అన్న వెంటనే అవుననును, ఆతని లెక్కలో రెండును ఒకటి కాదు.

మూత్రపిండముల మాట ముందే చెప్పియుంటిని. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ వెలికిపోవుటకు వేరు దారి లేదు. చక్కెర వ్యాధి నాడులను చెఱచు నాటికి మూత్రపిండములను గూడ కొంత చెఱచియే యుండును. అట్టి మనిషి మోకాళ్ళ నొప్పులకై మందుల దుకాణమున డైక్లోఫినాకో ఐబుప్రొఫెనో కొని వాడినను, ఊరి ఆర్.ఎం.పి. చేత నొప్పి సూది వేయించుకొనినను, మూత్రపిండములు మరికొంత మందగించి, నిన్నటివరకు సరిపోయిన ప్రెగాబాలిన్ మోతాదే నేడు అధికమై రక్తమున పేరుకొనును. కాళ్ళు చేతులు ఉలికిపడినట్లు అదరుట, మాట తడబడుట, మగత దానికి గురుతులు. మగ్గపు పెద్దాయన పొట్లములోని పేరులేని నాలుగు గోలీలు ఏమిటో నాకు తెలియరాలేదు. ఒళ్ళునొప్పులకని దుకాణదారు ఇచ్చినాడట. ఆరునెలల కొకమారు క్రియాటినిన్ పరీక్ష చేయించుకొనుట వంకాయ మానుటకంటె చౌక. మరియొకటి: చక్కెరకై పయోగ్లిటజోన్ అను మాత్రను కూడ వాడువారికి ప్రెగాబాలిన్ తోడైనప్పుడు పాదములు ఉబ్బుట, బరువు పెరుగుట ఎక్కువయగును, గుండె బలహీనముగానున్నవారు ఆ ఉబ్బును తేలికగా తీసికొనరాదు.

ఆహారముతో నిజమైన వైరముగల నరాల మందు కార్బమజెపైన్. ఆ కథ మన దేశమునకు దూరముగ మొదలైనది. కెనడాలో డేవిడ్ బెయిలీ అను శాస్త్రజ్ఞుడు 1989 ప్రాంతమున ఫెలోడిపిన్ అను రక్తపోటు మందు మీద మద్యసారము ప్రభావమును పరీక్షించుచు, మద్యపు రుచి తెలియకుండుటకు గ్రేప్‌ఫ్రూట్ పండ్లరసమును కలిపెను. మద్యము సంగతి యటుండ, ఆ పండ్లరసమే మందు మట్టమును అమాంతముగా పెంచుచున్నదని కనుగొని విస్మయమందెను. పేగు గోడలోను కాలేయములోను మందులను విరుగగొట్టు ఎంజైమొకటి యున్నది. ఆ పండ్లలోని కొన్ని పదార్థములు పేగు గోడలోని దానిని చెఱచును. 1998లో చండీగఢు నగరమునందలి పి.జి.ఐ. వైద్యులు కార్బమజెపైన్ వాడుచున్న పదిమంది మూర్ఛరోగులకు గ్రేప్‌ఫ్రూట్ రసమిచ్చి చూడగా రక్తమున మందు దాదాపు 40 శాతము పెరిగినది. మనకు గ్రేప్‌ఫ్రూట్ తెలియదు గదా యని సిద్దిపేట శ్రోతలు అనవచ్చును. దానికి తల్లియైన పంపరపనస మన పెరళ్ళలో నున్నది. నారింజతో దాని సంకరమే వెస్టిండీసు దీవులలో గ్రేప్‌ఫ్రూట్‌గా పుట్టినది, ఆ పదార్థములు పంపరపనసలోను ఉన్నవి. కార్బమజెపైన్ వాడువారు దానిని మానుట యుక్తము. నల్లగొండ బత్తాయిని చూచి బెదరవలసిన పనిలేదు.

కార్బమజెపైన్ వలని చిక్కులు పండ్లతో తీరవు. ఆశా కార్యకర్తలు పంచు మాలా-ఎన్ వంటి గర్భనిరోధక మాత్రలను అది నిర్వీర్యము చేయును. ముఖనాడీశూలకు ఈ మందు పుచ్చుకొనుచున్న పడుచుటమ్మకు ఎవరును ఈ మాట చెప్పకపోవుట నేనెన్నోమారులు చూచిన లోపము. గొంతునొప్పికిచ్చు ఎరిత్రోమైసిన్, క్షయకు ఇచ్చు ఐసోనియజిడ్ దాని మట్టమును పెంచి, కన్నులు రెండుగా కనబడుటకును నడక తూలుటకును కారణమగును. క్షయ మందు మ్రింగువారికి ఐసోనియజిడ్ తానే నాడులను పాడుచేయవచ్చును గనుక బి6 విటమిను నిత్తురు. అరికాలి మంట క్షయ మందు మొదలిడిన తరువాత వచ్చినదా, ముందే యుండెనా యని చెప్పగలిగిన రోగి వైద్యునకు సగము పని తగ్గించినవాడే.

అమిట్రిప్టిలిన్ పాతకాలపు చౌక మందు. రాత్రి నిద్ర పట్టనివారికి బాగుగా పనికివచ్చును. జలుబుకై దుకాణమున దొరకు మాత్రలలోను దగ్గుమందులలోను ఉండు క్లోర్‌ఫెనిరమిన్ దానికి తోడైనచో నోరెండును, మలబద్ధము ముదురును, ప్రోస్టేటు పెరిగిన ముసలివారికి మూత్రము బిగబట్టి అర్ధరాత్రి దవాఖానకు పరుగెత్తవలసివచ్చును. ట్రమడాల్ అను నొప్పిమందుతో కలిపినయెడల మూర్ఛలు రాగల భయమున్నది. ఇక డ్యులోక్సెటిన్ విషయమున దుబ్బాక, సిద్దిపేట ప్రాంతపు శ్రోతలకు వింతగా తోచు సంగతి యొకటి చెప్పెదను. పొగత్రాగువారి కాలేయము ఆ మందును త్వరగా విరుగగొట్టును. వారి రక్తమున దాని మట్టము దాదాపు మూడవ వంతు తక్కువగా నుండును. కారణము పొగయేగాని పొగాకు కాదు. కావున చేటలో తునికాకు, తంబాకు పెట్టుకొని దినమెల్ల బీడీలు చుట్టు అమ్మలకు ఈ బాధ లేదు, ఆ బీడీని ముట్టించు మగనికే యున్నది. బీడీ మానివేసిన మనిషికి అదే మోతాదు మునుపటికన్న బలముగా పనిచేయును గనుక, మానిన శుభవార్తను వైద్యునకు చెప్పుట మరువరాదు. కల్లు సారా అధికముగా త్రాగువారికి డ్యులోక్సెటిన్ ఇచ్చుట మంచిది కాదు, కాలేయమునకు కీడు.

మిరియాలను గూర్చి తరచుగా అడుగుదురు. మిరియములలోని పైపరిన్ కార్బమజెపైన్ మట్టమును కొంత పెంచునని పరిశోధనలున్నవి. చారులో వేయు మిరియములకు భయపడి చారు మానవలదు, పసుపుతో కలిపి గొట్టములలో నింపి యమ్ము సారము మాత్రము వేరు మాట. నొప్పుల కని సంతలో నమ్ము పొడులలో సీసము వంటి లోహములున్న సందర్భములు కలవు. సీసము నాడులకే విషము గనుక, నరాల నొప్పికై వానిని వాడుట యెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. చక్కెరకు వాడు మెట్‌ఫార్మిన్ ఏండ్ల మీద బి12 విటమినును తగ్గించును, ఆ తరుగుదల కూడ అరికాళ్ళ మంటగానే పైకి వచ్చును. ప్రెగాబాలిన్‌తో ఆ ఎఱ్ఱ విటమినును కలిపి యిచ్చుటలో అంతమాత్రపు న్యాయమున్నది.

తుదకు ఇంటివారి నుద్దేశించి ఒక్కమాట. నరాల మందు వేసికొనుచున్న మనిషి, దసరా రాత్రి గాని జాతరనుండి తిరిగి వచ్చిన రాత్రి గాని, గురక మారి, శ్వాస ఆగి ఆగి వచ్చుచు, గట్టిగా కుదిపినను కన్ను తెరువకున్నచో, మత్తు తీరునని తెల్లవారువరకు వేచియుండరాదు. నిమ్మరసముగాని మజ్జిగగాని నోట పోయరాదు, అది ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రక్కకు ఒత్తిగిల్లబెట్టి, నోరు శుభ్రముచేసి, 108కి ఫోను చేయుడు. వెంట మాత్రల అట్టలన్నియు, ఖాళీవి సైతము, తీసికొనిపొండు; వీలైనయెడల త్రాగగా మిగిలిన కల్లు సీసాను కూడ. వైద్యుడు "ఏమి త్రాగినాడు?" అని అడిగినప్పుడు దుకాణము పేరుతో సహా చెప్పుడు.